చదవగలిగిన సెట్టింగే మన సొంతం

1990లలో ఊరూరా వెలిసిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో డాస్ నేర్చుకున్నవాళ్లకు ‘కాన్ఫిగ్ డాట్ సిస్’ అన్న పేరు గుర్తుండే ఉంటుంది. సీ డ్రైవ్‌లో మొదట్లోనే కనిపించే చిన్న ఫైలు అది. తెరిస్తే చాలా కంప్యూటర్లలో పట్టుమని పది వరుసలు ఉండేవి కావు. ఒక వరుసలో ‘ఫైల్స్’ అని రాసి, సమానం గుర్తు పెట్టి, పక్కన 40 అని వేసేవారు. ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరిచి ఉంచవచ్చో డాస్‌కు అలా చెప్పేవారు. ఇంకో వరుసలో ‘హైమెమ్’ అనే డ్రైవర్ పేరు, దాని కింద ‘డాస్ = హై’ అన్న ఆదేశం ఉండేవి. ఈ రెండు వరుసలూ ఉంటే డాస్ తనలో చాలా భాగాన్ని ఒక మెగాబైటు హద్దు దాటించి పై మెమరీలో పెట్టుకునేది. కింద ఖాళీ అయిన చోటు మనం నడిపే ప్రోగ్రాముకు దక్కేది. 1991లో ఎంఎస్-డాస్ 5 తెచ్చిన సదుపాయం ఇది. కొత్త చిప్పు కొననక్కర్లేదు, ప్రోగ్రాం తిరగరాయనక్కర్లేదు. మామూలు అక్షరాలు నాలుగు టైపు చేస్తే యంత్రం నడక మారేది.

ఆ ఫైలు కాలం ముగిసింది కానీ ఆ పద్ధతి ఇంకా బలపడింది. వెబ్‌సైట్లను నడిపే సర్వర్లు, లినక్స్ కంప్యూటర్లు, ప్రోగ్రామర్లు రోజూ వాడే ఎడిటర్లు తమ యజమాని ఇష్టాయిష్టాలను ఇవాళ్టికీ ఇలాంటి ఫైళ్ల నుంచే తెలుసుకుంటున్నాయి. వీటిని కాన్ఫిగరేషన్ ఫైళ్లు, పొట్టిగా కాన్ఫిగ్ ఫైళ్లు అంటారు. సాఫ్ట్‌వేర్‌ను మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి ఇంకా రాలేదు. మనిషి చదవగలిగినదాన్ని మనిషి సరిచేయగలడు, దాచుకోగలడు, ఇంకొకరికి ఇవ్వగలడు. దాని బలమంతా అక్కడే ఉంది.

అక్షరాలు తప్ప మరేమీ లేని ఫైలు

వర్డ్‌లో ఒక ఉత్తరం రాసి సేవ్ చేస్తే, ఆ ఫైలులో మన మాటలతో పాటు ఫాంటు, మార్జిన్లు, రంగులు, ఇంకా వర్డ్ తన కోసం రాసుకున్న వివరాలు బోలెడు చేరతాయి. దాన్ని మరో ప్రోగ్రాం తెరవాలంటే ఆ అమరిక అంతా దానికి తెలిసి ఉండాలి. ప్లెయిన్ టెక్స్ట్ ఫైలులో ఆ బరువు ఉండదు. ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య, ఆ సంఖ్యలన్నీ వరుసగా. అంతే. నోట్‌ప్యాడ్ లాంటి ఏ చిన్న ఎడిటరయినా దాన్ని తెరుస్తుంది.

ఆ సంఖ్యలకు 1963లో ఆస్కీ అనే అమెరికన్ ప్రమాణం వచ్చింది. అందులో 128 స్థానాలే ఉన్నాయి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాల వంటివాటితోనే అవి నిండిపోయాయి, తెలుగుకు చోటు మిగల్లేదు. ఆ లోటును యూనికోడ్ తీర్చింది. 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో రాత్రి భోజనానికి వెళ్లినచోట రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతి ఆ యూనికోడ్‌ను ఆచరణలోకి తెచ్చింది. ఈ పద్ధతిలో పాత ఆస్కీ అక్షరం ఎప్పటిలా ఒక్క బైటులోనే ఉంటుంది. ‘క’కు మూడు బైట్లు, దానికి పెట్టే గుడికి ఇంకో మూడు బైట్లు పడతాయి. పాత ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి, ప్రపంచ లిపులన్నీ వాటి పక్కన చేరతాయి.

దీనివల్ల మనకు నేరుగా ఒక లాభం ఉంది. చాలా కాన్ఫిగ్ ఫైళ్లలో వరుస మొదట్లో హ్యాష్ గుర్తు పెడితే ప్రోగ్రాం ఆ వరుసను వదిలేస్తుంది. అక్కడ మనుషుల కోసం గమనిక రాసుకోవచ్చు. ఈ సెట్టింగు ఎందుకు మార్చాం, ఎవరు అడిగితే మార్చాం, ఎప్పుడు తీసేయాలి అన్నవన్నీ చక్కగా తెలుగులోనే రాసి పెట్టుకోవచ్చు. మౌసుతో నొక్కే సెట్టింగుల పేజీలో ఒక గడికి టిక్కు పెట్టవచ్చు గానీ, ఎందుకు పెట్టామో రాసుకునే చోటు దాదాపు ఎక్కడా ఉండదు.

యూనిక్స్ వేసిన బాట

ఈ పద్ధతికి గట్టి పునాది వేసింది యూనిక్స్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్టింగులను మామూలు అక్షరాల ఫైళ్లలో రాయడం అలవాటుగా మారింది. ‘ఈటీసీ’ అనే డైరెక్టరీ వాటికి నిలయం. అక్కడ ఉండే ‘పాస్‌డబ్ల్యూడీ’ ఫైలునే చూడండి. ఒక్కో వరుస ఒక్కో యూజరుది. వరుసలో ఏడు గళ్లు, గడికీ గడికీ మధ్య కోలన్. పేరు, పాస్‌వర్డ్ స్థానం, యూజర్ నంబరు, గ్రూపు నంబరు, వివరాలు, సొంత డైరెక్టరీ, లాగిన్ కాగానే నడవాల్సిన షెల్. ఇవాళ్టి లినక్స్ సర్వర్‌లో కూడా ఆ ఫైలు అదే రూపంలో ఉంది. పాస్‌వర్డ్‌కు సంబంధించిన రహస్యాన్ని మాత్రం అందరూ చదవగలిగే చోటు నుంచి తీసి, ‘షాడో’ అనే వేరే ఫైలులోకి మార్చారు.

అంతా అక్షరాల్లోనే ఉండటంతో పనిముట్లు కూడా ఉమ్మడి అయ్యాయి. 1970ల తొలి ఏళ్లలోనే ఫైళ్లలో మాటను వెతికే ‘గ్రెప్’, రెండు ఫైళ్ల మధ్య తేడాలు చూపే ‘డిఫ్’ యూనిక్స్‌లో వచ్చాయి. సెట్టింగులంటే ఏమిటో ఈ రెండింటికీ తెలియదు. అయినా ‘ఈ పోర్టు నంబరు ఏ ఫైలులో ఉంది’, ‘నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది’ అన్న ప్రశ్నలకు క్షణంలో జవాబు ఇస్తాయి.

ఒక దశలో మొత్తం నెట్‌వర్కే ఒక టెక్స్ట్ ఫైలు మీద ఆధారపడింది. ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్‌లో ఏ కంప్యూటర్ పేరు ఏ చిరునామాకు చెందుతుందో చెప్పే జాబితాను ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రం తయారుచేసేది. మిగతావాళ్లు దాన్ని తెచ్చుకుని తమ యంత్రాల్లో పెట్టుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఒకే జాబితాతో నెట్టుకురావడం కష్టమైంది. దాని స్థానంలో 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ పద్ధతిని రూపొందించారు. అయినా ఆ పాత జాబితా వారసత్వంగా ‘హోస్ట్స్’ అనే చిన్న టెక్స్ట్ ఫైలు నేటి లినక్స్, మ్యాక్, విండోస్ కంప్యూటర్లన్నిటిలో ఉంది. అందులో ఒక వరుస రాసి, మన కంప్యూటర్ వరకు ఒక సైటు పేరును వేరే చిరునామాకు మళ్లించవచ్చు.

యూజరు సొంత సెట్టింగుల ఫైళ్ల పేర్లు యూనిక్స్ సంప్రదాయంలో చుక్కతో మొదలవుతాయి. దీని వెనక కథను రాబ్ పైక్ చెప్పారు. తొలినాళ్ల యూనిక్స్‌లో ప్రతి డైరెక్టరీలోనూ ‘ఒక చుక్క’, ‘రెండు చుక్కలు’ అనే రెండు ప్రత్యేక పేర్లుండేవి. ఫైళ్ల జాబితాలో అవి కనబడకుండా చేయడానికి మొదటి అక్షరం చుక్క అయితే వదిలేయమని ప్రోగ్రాంలో రాశారు. దాంతో చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ మరుగునపడ్డాయి. ఆ వెసులుబాటును చూసి ప్రోగ్రాములన్నీ తమ సెట్టింగులను అక్కడ పెట్టడం మొదలుపెట్టాయి. బ్రామ్ మోలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ ఎడిటర్‌కు ‘విమ్‌ఆర్‌సీ’ అలాంటిదే. అందులో ‘సెట్ నంబర్’ అని ఒక వరుస రాస్తే తెర మీద ప్రతి వరుసకూ సంఖ్య కనబడుతుంది. ఆ ఆదేశం ఈనాటి విమ్‌లోనూ అలాగే పనిచేస్తుంది. ఏళ్ల తరబడి పెంచుకున్న ఈ ఫైలును ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి తీసుకెళ్లి, కొత్త యంత్రాన్ని గంటలో తమ చేతివాటానికి తెచ్చుకునే ప్రోగ్రామర్లు ఎందరో ఉన్నారు.

ఎవరి మాట చెల్లుతుంది?

ప్రోగ్రాం మొదలవగానే కాన్ఫిగ్ ఫైలును పై నుంచి కిందికి చదువుతుంది. గమనికలను వదిలేస్తుంది. మిగిలిన వరుసల్లో ఏది పేరు, ఏది విలువ అని విడదీస్తుంది. ఆ విలువ సంఖ్యా, మాటా, అవునా కాదా అన్నది తేల్చుకుంటుంది. మనం చెప్పని విషయాలకు తయారీదారు ముందే పెట్టిన విలువలు వర్తిస్తాయి. అందుకే సాధారణంగా కాన్ఫిగ్ ఫైలులో అన్నీ రాయనక్కర్లేదు, మనకు తేడా కావాల్సినవి రాస్తే చాలు. వండిన కూరలో ఎవరి కంచంలో వాళ్లు ఉప్పు కలుపుకున్నట్టు, అందరికీ ఒకటే ప్రోగ్రాం అయినా రుచి ఎవరిది వాళ్లది.

పెద్ద ప్రోగ్రాముల్లో ఈ ఫైళ్లు అంచెలుగా ఉంటాయి. ఫైళ్లలో ఎప్పుడు ఏం మారిందో గుర్తుంచుకునే సాధనం, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్‌నే తీసుకుందాం. కంప్యూటర్ మొత్తానికి ఒక ఫైలు, ఆ యూజరుకు ఒక ఫైలు, ఆ ప్రాజెక్టుకు ఒక ఫైలు ఉంటాయి. ఈ క్రమంలోనే చదువుతుంది కాబట్టి చివరిదాని మాట చెల్లుతుంది. మీ సొంత పనులకు ఒక ఈమెయిల్, ఆఫీసు ప్రాజెక్టుకు మరో ఈమెయిల్ పెట్టుకోవడం ఇలాగే వీలవుతుంది. దూరాన ఉన్న సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఓపెన్ ఎస్ఎస్‌హెచ్‌ది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ మొదట కనబడిన విలువే ఖాయం, తర్వాత రాసినది లెక్కలోకి రాదు. అందుకే ఆ ఫైలులో ఫలానా సర్వర్‌కు మాత్రమే వర్తించేవి పైన, అన్ని సర్వర్లకూ వర్తించేవి కింద రాయాలి. ఈ తేడా తెలియక ‘సరిగ్గానే రాశాను, ఎందుకు పనిచేయడం లేదు’ అని తలపట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే సర్వర్ ప్రోగ్రాములు కొత్త సెట్టింగుల కోసం ఆగి మళ్లీ మొదలవడం కుదరదు. యూనిక్స్‌లో ‘హప్’ అనే సంకేతం పంపితే అలాంటివి చాలావరకు తమ కాన్ఫిగ్ ఫైలును మళ్లీ చదువుకుంటాయి. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటుంది. కొత్త ఫైలులో తప్పు కనబడితే దాన్ని పక్కన పెట్టి, పాత సెట్టింగులతోనే పని కొనసాగిస్తుంది.

తెలుగు మీట వెనక

లినక్స్‌లో తెలుగు టైపు చేయడం కూడా కాన్ఫిగ్ ఫైళ్ల చలవే. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో చెప్పే పట్టిక ఎక్స్‌కేబీ అనే వ్యవస్థలో ఒక టెక్స్ట్ ఫైలు. భారతదేశపు భాషల కీబోర్డులు ‘ఇన్’ అనే ఫైలులో ఉన్నాయి, తెలుగు అమరిక అందులో ఒక భాగం. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘కే’ మీట నొక్కితే ‘క’, షిఫ్టుతో నొక్కితే ‘ఖ’ రావాలన్న నియమాన్ని ఆ అక్షరాల యూనికోడ్ సంఖ్యలతో ఒకే వరుసలో రాశారు. మీకు ఇంకో అమరిక కావాలంటే ఆ వరుస మార్చుకోవచ్చు. ఎం17ఎన్ అనే మరో సాధనంలో ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు పోతన, ఆర్‌టీఎస్ వంటి పద్ధతులకూ వేర్వేరు టెక్స్ట్ ఫైళ్లున్నాయి. ఇంటర్నెట్ తొలి రోజుల్లో విదేశాల్లోని తెలుగువాళ్లు ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాయడానికి అలవాటుపడ్డ పద్ధతి ఆర్‌టీఎస్. వాళ్ల వేళ్లకు అలవాటైన ఆ పద్ధతిని ఒక చిన్న ఫైలు నేటి కంప్యూటర్‌లోనూ బతికిస్తోంది.

తేదీలు, వారాల పేర్లు, డబ్బు రాసే తీరు చెప్పేది ‘లొకేల్’ ఫైలు. తెలుగు లొకేల్‌లో నెలల పేర్లు మన లిపిలో ఉన్నాయి. అంకెలకు కామాలు ఎక్కడ పెట్టాలో చెప్పే వరుస కూడా ఉంది. కుడి నుంచి మొదట మూడు అంకెలకు, ఆ తర్వాత రెండేసి అంకెలకు ఒక కామా. తెర మీద పది లక్షలు 10,00,000గా కనబడటానికి ఆ చిన్న వరుసే కారణం. అలాగే వెబ్ పేజీ ఏ ఫాంటూ చెప్పకపోతే తెలుగును నోటో శాన్స్ తెలుగులో చూపాలా, మండలిలో చూపాలా అన్నది ఫాంట్‌కాన్ఫిగ్ ఫైలులో మనమే నిర్ణయించవచ్చు. ఒక భాష కంప్యూటర్‌లో హాయిగా ఇమిడిపోవడానికి ఏ కంపెనీ దయ కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఈ ఫైళ్లు తెరిచి ఉన్నాయి కాబట్టే ప్రోగ్రామింగ్ పెద్దగా రాని భాషాభిమానులు కూడా తప్పులు పట్టుకుని సరిచేయగలుగుతున్నారు.

రిజిస్ట్రీ ఎంచుకున్న దారి

విండోస్ మొదట్లో ఈ బాటలోనే నడిచింది. ‘విన్ డాట్ ఐఎన్ఐ’ వంటి ఫైళ్లలో చదరపు బ్రాకెట్ల మధ్య విభాగం పేరు, దాని కింద పేరు, సమానం, విలువ ఉండేవి. ప్రోగ్రాములు పెరిగేకొద్దీ ఆ ఫైళ్లు చెల్లాచెదురయ్యాయి. ఒకే కంప్యూటర్‌ను పలువురు వాడేచోట ఎవరి సెట్టింగు వారికి విడదీయడం కష్టమైంది. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలైన రిజిస్ట్రీ, 1993లో విండోస్ ఎన్‌టీతో, 1995లో విండోస్ 95తో సెట్టింగులకు కేంద్రమైంది. అన్నీ ఒకేచోట, ఏ యూజరువి వారికి, ఎవరు మార్చవచ్చో అనుమతులతో సహా. ఇవి నిజమైన లాభాలే.

కానీ రిజిస్ట్రీ ఫైలును మామూలు ఎడిటర్‌తో తెరిస్తే ఏమీ అర్థం కాదు. దాన్ని చూడటానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. ఒక ప్రోగ్రాంకు చెందిన సెట్టింగులన్నీ ఎత్తి ఇంకో కంప్యూటర్‌లో పెట్టడం సామాన్యుడికి తేలిక కాదు. చదవగలిగే గుణాన్ని వదులుకుంటే యజమానికి ఏం పోతుందో చెప్పడానికి ఇదే ఉదాహరణ.

040 కాస్తా 32 అయితే

టెక్స్ట్ ఫైలు అన్నంత మాత్రాన చిక్కులు లేవని కాదు. విలువలను ఎలా రాయాలన్న దానిపై ఎన్నో పద్ధతులు వచ్చాయి. 1998లో ప్రమాణంగా వచ్చిన ఎక్స్‌ఎంఎల్ నియమబద్ధంగా ఉంటుంది, చేత్తో రాయడానికి మాత్రం అలుపు తెప్పిస్తుంది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన జేసన్ తేలికైనది, కానీ అందులో గమనికలు రాసే వీలు లేదు. ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం పంపుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. మనుషులు దిద్దుకునే సెట్టింగులకు ఆ లోటు పెద్దదే.

2001లో మొదలైన యామల్ చూడటానికి అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. దాని ఇబ్బంది ఏమిటంటే, మన మనసులో మాటను అది ఊహించబోతుంది. పాత 1.1 నియమాల ప్రకారం కోట్స్ లేకుండా నార్వే దేశ సంకేతం ‘ఎన్ఓ’ రాస్తే దాన్ని ‘కాదు’ అన్న విలువగా తీసుకుంటుంది. మనకు దగ్గరి ఉదాహరణ హైదరాబాద్ ఎస్‌టీడీ కోడ్. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో విరివిగా వాడే పైయామల్ లైబ్రరీ కోట్స్ లేని 040ని ఎనిమిది ఆధారంగా ఉన్న సంఖ్య అనుకుని 32గా మారుస్తుంది. విజయవాడ 0866లో 8 అంకె ఉంది, ఎనిమిది ఆధారంగా ఉన్న లెక్కలో ఆ అంకె ఉండదు కాబట్టి దాన్ని మాటగానే ఉంచుతుంది. ఒకే జాబితాలో ఒక ఊరు సరిగ్గా, ఒక ఊరు తప్పుగా రావడం కన్నా పట్టుకోవడానికి కష్టమైన పొరపాటు ఉంటుందా? 2009లో వచ్చిన యామల్ 1.2 ఈ నియమాలను సరిదిద్దింది, పాత పద్ధతినే పాటించే ప్రోగ్రాములు మాత్రం ఇంకా చాలా ఉన్నాయి. మాట అనుకున్నదానికి కోట్స్ పెట్టడం ఒక్కటే దీనికి మందు.

2013లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ రూపొందించిన టామల్ ఈ పాఠాలు నేర్చుకుని వచ్చింది. పాత ఐఎన్ఐ ఫైలు పోలికలే ఉంటాయి, మాటలకు కోట్స్ తప్పనిసరి, గమనికలకు చోటుంది. 2022లో వచ్చిన పైథాన్ 3.11 నుంచి దాన్ని చదివే సౌకర్యం పైథాన్‌లోనే భాగమైంది. చేత్తో రాసుకునే సెట్టింగులకు ఇవాళ ఎవరైనా సలహా అడిగితే టామల్ పేరే చెప్పాలి.

చిన్న వరుస, పెద్ద నష్టం

సెట్టింగు మార్చడం ప్రోగ్రాం రాసినంత పెద్ద పని కాదన్న భావన చాలామందిలో ఉంది. అది ప్రమాదకరం. 2021 అక్టోబరు 4న మన దేశంలో రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఒక్కసారిగా ఆగిపోయి దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. డేటా కేంద్రాలను కలిపే రౌటర్ల కాన్ఫిగరేషన్‌లో జరిగిన మార్పే కారణమని ఆ సంస్థ ప్రకటించింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక కాన్ఫిగరేషన్ ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇవ్వాల్సి వచ్చింది ఆ రోజే. ఆ ఫైలు మనుషులు చదివే టెక్స్ట్ కాదు. అయినా పాఠం రెండింటికీ ఒకటే: సెట్టింగును కూడా ప్రోగ్రాంతో సమానంగా పరీక్షించాలి.

అందుకు తగిన సాధనాలున్నాయి. లినక్స్‌లో ఎవరికి ఏ అధికారం ఉందో చెప్పే ‘సుడోయర్స్’ ఫైలును ‘వైసుడో’తో దిద్దితే, తప్పు ఉన్నప్పుడు సేవ్ చేసే ముందే హెచ్చరిస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ, ఎస్ఎస్‌హెచ్ సర్వర్లకు కాన్ఫిగ్ ఫైలును ముందే తనిఖీ చేసే ఆదేశాలున్నాయి. ఇంకో జాగ్రత్త మరీ ముఖ్యం. అందరూ చదవగలిగే ఫైలులో పాస్‌వర్డ్, బ్యాంకు కీ లాంటివి రాయకూడదు. అలాంటి ఫైలును ప్రాజెక్టుతో పాటు ఇంటర్నెట్‌లో పెట్టేస్తే ఆ రహస్యం ఇక రహస్యం కాదు.

మొదలుపెట్టేవాళ్లకు

ఈ ఫైళ్లు చూసి భయపడనక్కర్లేదు. మార్చే ముందు ఒక నకలు తీసి పెట్టుకోండి. ఒకసారి ఒకే మార్పు చేసి, ఫలితం చూసి, తర్వాత రెండోదానికి వెళ్లండి. ఎందుకు మార్చారో ఆ వరుస పైనే తెలుగులో రాయండి. తనిఖీ ఆదేశం ఉంటే తప్పకుండా వాడండి. ఫైళ్లు నాలుగైదు అయ్యాక గిట్‌లో పెట్టుకోండి, ఏ రోజు ఏం మారిందో దానికి గుర్తుంటుంది.

కంప్యూటర్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పిల్లలకు మెనూలో ఏది ఎక్కడుందో నేర్పితే, తర్వాతి వెర్షన్‌లో అది చోటు మారుతుంది. ఒక కాన్ఫిగ్ ఫైలు తెరిచి, చదివి, మార్చి, చెడితే తిరిగి నిలబెట్టడం నేర్పండి, ఆ చదువు వాళ్లకు జీవితాంతం పనికొస్తుంది. సాఫ్ట్‌వేర్ తయారుచేసే తెలుగు ఇంజనీర్లకూ ఒక మాట. మీ ప్రోగ్రాంకు ఎంత అందమైన సెట్టింగుల పేజీ కట్టినా, దాని వెనక మనిషి చదవగలిగే ఒక ఫైలు ఉంచండి. కొన్న యంత్రం మీద కొన్నవాళ్లకు పూర్తి హక్కు దక్కేది అప్పుడే.